నాలుగింటిలోగా పది డిస్కులు

(మధ్యాహ్నం. ఫోనులో అన్న, చెల్లెలు. అతను ఆసుపత్రిలో, ఆమె తన ఇంట్లో, అతని డిస్కులు సర్దిన అల్మారా ముందు.)

"కాదు పిట్టా, నీలం అంచుది కాదు. దాని పక్కన బూడిదరంగుది. పైనుంచి రెండో వరస."

"రెండో వరసలో బూడిదరంగువే పద్నాలుగున్నాయి అన్నయ్యా."

"గొడుగులు కుట్టే ఆవిడ సినిమా. అట్ట మీద తడిసిన గొడుగు ఉంటుంది. దొరికిందా? వెనక్కి తిప్పు. కింద చిన్నక్షరాల్లో ఎన్ని నిమిషాలో రాసుంటుంది."

"నూట పద్దెనిమిది."

"నీలందాని మీద?"

"నూట పదమూడు. రెండూ ఒకటే సినిమాగా?"

"ఒకటే. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు."

"మరి ఐదు నిమిషాలు ఏమయ్యాయి? ఎవరు తినేశారు?"

"నీలందాన్ని తీసుకొచ్చినవాళ్ళ టీవీల లెక్క వేరు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు తిరగాల్సినచోట ఇరవై ఐదు తిప్పారు. దాంతో అందరూ కాస్త తొందరగా నడుస్తారు, కాస్త తొందరగా ఏడుస్తారు, ఐదు నిమిషాలు ముందే చచ్చిపోతారు. గొంతులు కూడా కీచుమంటాయి."

"ఎవడికి తెలుస్తుంది ఆ తేడా?"

"నాకు తెలుస్తుంది. నాకా ఐదు నిమిషాలూ కావాలి."

"...సరే. బూడిదరంగుది. సంచిలో పడేశా. ఇంకా తొమ్మిది. గబగబా చెప్పు, నాకు బయట పనుంది."

"పడేశావా, పెట్టావా?"

"పెట్టాను మహాప్రభో. పూలల్లో పెట్టినట్టు పెట్టాను."

"బయట ఏం పని?"

"పనుంది. కారు నేర్చుకునేవాళ్ళు ఇద్దరున్నారు."

"డ్రైవింగ్ స్కూలుకి నెల సెలవు పెట్టానన్నావు?"

"ఆ ఇద్దరికీ పరీక్ష దగ్గరికొచ్చింది. ఎన్ని ప్రశ్నలు! తర్వాతది చెప్పు."

"రైలు గేటు కాపలావాడిది. మూడు రకాలుంటాయి చూడు. పాత డీవీడీ ఒకటి, బ్లూరేలు రెండు."

"మూడూ ఒకటే సినిమా? అన్నయ్యా, నీకు నిజంగా పిచ్చి. మా మధ్యగదిలో మనిషి తిరగడానికి చోటు లేకుండా చేసింది ఇందుకా? ఇవన్నీ ఫోనులోనే వస్తాయి. వేలు పెట్టి నొక్కితే చాలు."

"వస్తాయి. వచ్చేది సినిమా కాదు, దాని జిరాక్సు. ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో ప్లేట్లు చేశాను పిట్టా. నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని బూడిదలుంటాయో నా కంటికి తెలుసు. ఫోనులో మూడే ఉంటాయి. మూడు బూడిదలతో నెలరోజులు క్రిములు చేరని అద్దాల గదిలో ఎలా గడపమంటావు?"

"గడుపుతావులే. తొమ్మిదో రోజు నా ఎముకల్లో మూలుగ తీసి నీకెక్కించాక నీకు కళ్ళు తెరిచే ఓపికే ఉండదట. డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పాడు. అందుకే మొదటి ఎనిమిది రోజుల్లో మంచివి చూసేయాలి. టీవీ పెట్టు."

"ఎందుకు?"

"రెండు బ్లూరేల్లో ఏది మంచిదో నాకు గుర్తు రావట్లేదు. రెండిట్లోనూ అదే సీను పెట్టి చూసి చెప్పు. ఇరవయ్యో నిమిషం."

"అన్నయ్యా! టైమెంతైందో తెలుసా? మూడు కావస్తోంది."

"మూడింటికి ఏముంది?"

"ఏమీ లేదు. మూడున్నరకి బయల్దేరాలి అంతే."

"అయితే అరగంట ఉంది. పెట్టు. రేపటినుంచి నిన్నేం అడుగుతాను? మందు మొదలయ్యాక గొంతంతా పుండైపోతుందట. మాట్లాడను కూడా లేను."

"అలా అనకు. పెడుతున్నా. ఈ రిమోట్ ఎక్కడ చచ్చింది... మీ బావ టీవీ చూస్తూ నిద్రపోతాడు, రిమోటు కుర్చీ సందులోకి జారిపోతుంది. ఆఁ, దొరికింది. పెట్టాను. ముసలాడు గేటు దగ్గర కూర్చున్నాడు."

"మొహం చూడు."

"చూశా."

"ఎలా ఉంది?"

"మొహంలా ఉంది."

"పిట్టా. నువ్వు అద్దంలో వెనక బండి చూసి దాని డ్రైవరు తాగాడో లేదో చెప్పేదానివి. సరిగ్గా చూడు."

"...నున్నగా ఉంది. పౌడరు రాసినట్టు. ముసలాడికి ముడతలు లేవేంటి?"

"అదీ! ఫిల్ము మీద గీతలు తుడవబోయి ముడతలు తుడిచేశారు. అది వద్దు. రెండోది పెట్టు."

"రెండోదాంట్లో... గీతలున్నాయి. చుక్కలున్నాయి. వాన పడుతున్నట్టుంది బొమ్మంతా. కానీ మనిషిలా ఉన్నాడు. అబ్బ, ఎంత అలిసిపోయాడో పాపం."

"అది సంచిలో పెట్టు."

"రెండు. పెట్టాను. ఇలాగైతే మూడు రోజులు పడుతుంది. అన్నయ్యా, నీకొకటి..."

"ఊఁ?"

"ఏం లేదు. మూడోది చెప్పు."

"ఏదో అనబోయావు."

"అన్నం తిన్నావా అని."

"తిన్నాను. ఉప్పు లేదు. నువ్వు తిన్నావా?"

"తినబుద్ధి కాలేదు. కడుపులో తిప్పుతోంది. ఎండకి."

"ఎండకా."

"ఎండకే. మూడోది."

"ఒక్క క్షణం ఉండు... ఆఁ, నర్సమ్మా... ఎక్కడ? ఇక్కడా? రెండోపేజీలో కూడానా?"

"ఏంటది? ఏం సంతకాలు?"

"తిండి కాగితం. రేపటినుంచి ఏమేం తినకూడదో చదివానని సంతకం పెట్టాలట. ఉండు... అయిపోయింది. థాంక్సమ్మా. ఆఁ, మూడోది. అక్కాచెల్లెళ్ళ సత్రం."

"దొరికింది. ఇది కూడా రెండున్నాయి. నాకు తెలుసు, పెట్టి చూడమంటావు. పెడుతున్నా. ఎన్నో నిమిషం?"

"చివర్లో. అక్క గదిలో కూర్చుని దీపం తుడుస్తూ ఉంటుంది."

"ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయి. బూడిదలు కూడా ఒకేలా ఉన్నాయి. తేడా లేదు."

"ఎడమ అంచు చూడు."

"ఎడమ అంచున తలుపు. ఇందులోనూ తలుపే. ఉండు ఉండు. ఇందులో తలుపు మీద చెయ్యుంది. వేళ్ళు. మొదటిదాంట్లో లేవు."

"మొదటిదాంట్లో నాలుగుపక్కలా కోసేశారు. టీవీకి సరిపోవాలని. ఆ చెయ్యి పోయింది."

"ఎవరిదా చెయ్యి?"

"చెల్లెలిది. అక్కకి చెప్పకుండా ఎక్కడికో బయల్దేరుతుంది. తలుపు పట్టుకుని నిలబడుతుంది. చెప్దామా, వెళ్ళిపోదామా అని. సినిమా మొత్తం ఆ నాలుగు వేళ్ళలో ఉంది. అది కోసేస్తే ఇంకేముంది, ఒకావిడ దీపం తుడుస్తోందంతే."

"రెండోది పెట్టాను సంచిలో. మూడు. అన్నయ్యా, మూడుంపావైంది. మిగతా ఏడూ నేనే చేతికొచ్చినవి పెట్టేస్తా. సాయంత్రం వచ్చి ఇస్తా. సరేనా?"

"చేతికొచ్చినవా! చేతికొచ్చినవి పెడితే ఉప్పుమళ్ళ కత్తివీరుడిది ఆకుపచ్చది పెడతావు. ఆకుపచ్చగా ఉంటాడు వాడు, పాచి పట్టినవాడిలా. రంగులు దిద్దినవాడికి కళ్ళు లేవు."

"అయితే ఏది పెట్టాలి?"

"ఎర్రడబ్బాది. కానీ దానికో తంటా ఉంది. జపాను డిస్కు మన ప్లేయర్లో ఆడదు. నేనిక్కడికి తెప్పించుకోబోయే చిన్న ప్లేయర్లో ఆడుతుందో లేదో చూడాలి. అది మంచం కింద పెట్టెలో ఉంది. తీసి, వైరు పెట్టి, ఆడించి చూడు."

"నావల్ల కాదు."

"ఒక్కసారి పిట్టా."

"నావల్ల కాదంటున్నానా! నాకు నాలుగింటిలోగా వెళ్ళాలి. నాలుగు దాటితే... నాలుగు దాటితే వాళ్ళు వెళ్ళిపోతారు."

"ఎవరు? కారు నేర్చుకునేవాళ్ళా?"

"ఆఁ. వాళ్ళే."

"ఫోన్ చేసి రేపు రమ్మను."

"రేపు కుదరదు. రేపు నీకు మందు మొదలవుతుంది. రేపు నేనక్కడుండాలి కదా. ఇవాళే అవ్వాలి."

"డ్రైవింగు పాఠం ఇవాళే అవ్వాలా?"

"తల తినకు. ప్లేయర్ తీస్తున్నా. తీసి చూసి పెట్టేస్తా. ఆ తర్వాత ఇంకేం అడక్కు. ...ఏంటా చప్పుడు? గంట మోగింది?"

"లిఫ్టు."

"లిఫ్టులో ఎందుకున్నావు?"

"రక్తం తీసుకోవడానికి కిందకి రమ్మన్నారు. చక్రాల కుర్చీలో రాజాలా వెళ్తున్నా. మధ్యలో ఫోన్ కట్టయితే నేనే చేస్తా, నువ్వు కదలకు."

"రక్తం ఎప్పుడూ మంచం దగ్గరికే వచ్చి తీస్తారుగా?"

"ఇవాళ కొత్తావిడ. నన్ను తోసుకుంటూ తిరగాలని ఆవిడకి సరదా. ప్లేయర్ దొరికిందా?"

"దొరికింది. వైరు చిక్కులు పడింది. చిక్కు తీస్తున్నా. నీలాగే ఉంది ఇది కూడా. ...పెట్టాను. ఆడుతోంది. సముద్రం."

"సముద్రం వినిపిస్తోందా?"

"సన్నగా. బుసబుసమంటోంది వెనకాల."

"ఆ బుస పాతకాలం సౌండుది. ఆకుపచ్చదాంట్లో దాన్ని తీసేశారు. తీసేస్తే దాంతోపాటు సముద్రం కూడా పోయింది. బొమ్మలో అలలొస్తుంటాయి, చప్పుడుండదు. ఎర్రడబ్బాది పెట్టు."

"నాలుగు. ఇక చాలు. నాలుగు చాలవూ?"

"పది డిస్కులు గదిలోకి రానిస్తామన్నారు. ఎందుకు వదులుకోవాలి?"

"అట్టలు పనికిరావు, ప్లాస్టిక్కు మందుగుడ్డతో తుడవాలి, అవీ ఇవీ అంటూ ఇవన్నీ నేనే తుడవాలి మళ్ళీ. నాలుగు తీసుకెళ్ళు. నాలుగూ రెండేసి సార్లు చూసుకో."

"పడవల్రేవు హోటలమ్మాయిది లేకుండా నేను వెళ్ళను."

"అన్నయ్యా, ఏడవమంటావా? నిజంగా ఏడుస్తాను."

"ఏడవకు. అదొక్కటీ చూడు. మిగతా ఐదూ నీ ఇష్టం. అందులో మాటల దగ్గరే నాకు అనుమానం. కింద వచ్చే అనువాదం. పాత డీవీడీలో ఒకటి రాశారు, కొత్త బ్లూరేలో ఇంకొకటి. ఆ అమ్మాయి ఊరొదిలి పట్నంలో పనికి పోతానంటుంది, అన్న వైద్యం కోసం. అన్న మంచంలో ఉంటాడు. ఒకే ఒక్క మాటంటాడు. అదేంటో రెండిట్లోనూ చదువు."

"ఏడో, ఎనిమిదో సీనులో వెతకాలా?"

"గంటా నాలుగో నిమిషం."

"అది కూడా గుర్తే. ...పాతదాంట్లో, ఉండు, 'వెళ్ళకు' అని వేశారు."

"కొత్తదాంట్లో?"

"మారుస్తున్నా. డిస్కు బయటికి రావట్లేదు. వచ్చింది. ...కొత్తదాంట్లో 'నీ ఇష్టం' అని ఉంది."

"చూశావా? ఒకదానికొకటి సంబంధం లేదు."

"అసలు అతనన్నదేంటి?"

"ప్రెస్సులో కొత్త మిషను బిగించడానికి జపాను నుంచి ఒకాయన వచ్చాడు. టీ తాగుతుంటే ఆ ముక్క వినిపించి అడిగా. రెండూ కాదన్నాడు. చాలాసేపు ఆలోచించి, 'నీ కోసమైతే వెళ్ళు, నా కోసమైతే వద్దు. ఇంచుమించు అది' అన్నాడు."

"మరి కింద ఒక్క ముక్కే రాశారే?"

"అంత మాట ఆ కిందున్న రెండంగుళాల్లో పట్టదు. అందుకే ఎవరికి తోచిన సగం వాళ్ళు రాశారు."

"ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"ఏది పెట్టాలో తేల్చుకోవాలిగా."

"రెండూ పెడతాను. సరేనా? రెండూ పెట్టాను. ఆరు. నాలుగవడానికి పావుగంటుంది. స్కూటరు మీద వెళ్తే పది నిమిషాలు. పెట్టేస్తున్నా ఫోను."

"పెట్టేయకు."

"పెట్టేస్తున్నా అన్నయ్యా."

"నాకు భయంగా ఉంది పిట్టా. పెట్టేయకు."

"...ఏంటి?"

"భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు. కాసేపు మాట్లాడు."

"నువ్వలా అంటే నేనెలా... అయ్యో. భయపడకు. నేనున్నానుగా. నా మూలుగ నీకు గుండుసూది మొనంత తేడా లేకుండా కలిసిందన్నారుగా. వెయ్యిమందిలో వెతికినా అలా కలవదన్నారుగా. ఏం కాదు నీకు. నేను కానివ్వను."

"ఊఁ."

"చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ వెనక పట్టుకున్నానని చెప్పి వదిలేశావు గుర్తుందా? నేనలా వదలను. అర్థమైందా? ఏంచేసైనా సరే. ...ఏంటా హారన్?"

"కిటికీ లోంచి."

"నీ కిటికీ తెరుచుకోదుగా?"

"కింద ఉన్నా కదా, రక్తం దగ్గర. ఇక్కడ తెరుచుకుంటుంది. మాట్లాడు."

"ఇంతసేపా? ఎన్ని సీసాలు తీస్తున్నారేంటి? ...అన్నయ్యా, పది నిమిషాలే ఉంది. ఒక గంటలో నేనే ఫోన్ చేస్తా. రెండు గంటలనుకో. కాస్త నీరసంగా ఉండొచ్చు నాకు. అయినా చేస్తా."

"డ్రైవింగు నేర్పితే నీరసమెందుకొస్తుంది?"

"ఎండ అన్నానుగా."

"పొద్దున్నించీ మబ్బుగా ఉంది పిట్టా."

"ఉంటే ఉంది."

"నాలుగు గోడల మధ్య ఉన్నవాడికి వాతావరణం తెలీదనుకున్నావు. వెళ్ళకు."

"ఎక్కడికి?"

"నువ్వు వెళ్ళేచోటికి. మెడికల్ షాపు పైన మెట్లెక్కి, ఎడమవైపు తలుపు. నాలుగింటికి మూసేస్తారు. ఇప్పుడు స్కూటరెక్కినా అందుకోలేవు."

"...ఎవరు చెప్పారు?"

"బావ."

"ఆయనకి తెలీదు! ఆయనకి నేను రక్తపరీక్షకని చెప్పాను."

"ఆ క్లినిక్కు చీటీ నీ హ్యాండుబ్యాగులో పెట్టుకున్నావు. స్కూటరు తాళం కోసం ఆయన అదే బ్యాగులో చెయ్యి పెట్టాడు. పొద్దున తొమ్మిదింటికి నా మంచం పక్కన నిలబడ్డాడు. చీటీ నా దుప్పటి మీద పెట్టి, నా రిపోర్టులున్న ఫైలు తిరగేస్తూ నిలబడ్డాడు. నన్నేమీ అడగలేదు పిట్టా. నీ చెల్లెల్ని ఆపమని ఒక్క మాట అనలేదు. అనలేకపోయాడు. ఏడేళ్ళ తర్వాత మూడోసారి నీకు కడుపు నిలిచింది, కానీ నేను చావుబతుకుల్లో ఉన్నా. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?"

"అంటే ఇంతసేపూ... గొడుగులు, గేట్లు, ముడతలు... నన్ను కూర్చోబెట్టడానికా?"

"నాలుగు దాటేదాకా."

"సిగ్గు లేదా నీకు? భయంగా ఉందన్నావు! నేను నమ్మాను!"

"అది నిజమే. మిగతాది కూడా అబద్ధం కాదు, ఆకుపచ్చది నిజంగానే దరిద్రంగా ఉంటుంది."

"నవ్వించకు నన్ను! ఒళ్ళు మండిపోతోంది. నువ్వెవరివి నన్ను ఆపడానికి? నా ఒళ్ళు. నా ఇష్టం."

"నీ ఇష్టమే. నీకు వద్దనిపించి వెళ్తుంటే నేనే టాక్సీ పిలిచేవాణ్ణి, బావతో కూడా నేనే మాట్లాడేవాణ్ణి. నీకు వద్దా?"

"అలా అడక్కు."

"నేనింకెలా అడగాలి?"

"అన్నయ్యా, నాకు మొదటిది మూడో నెల్లో పోయింది. రెండోది ఐదో నెల్లో పోయింది. నువ్వే కదా అప్పుడు రాత్రంతా బయట బెంచీ మీద కూర్చున్నావు. ఇది మాత్రం నిలుస్తుందని ఎవరు రాసిచ్చారు? కడుపుతో ఉంటే నా మూలుగ తీసుకోరు. దీన్ని ఉంచుకుని, నీకివ్వకుండా, రేపు ఇదీ పోయి నువ్వూ పోతే? అప్పుడు నాకేం మిగులుతుంది? నేను లెక్క వేసుకున్నాను. నెలరోజులు లెక్క వేశాను. చేతిలో ఉన్నది నువ్వు. ఇది ఇంకా రాలేదు. అంత తెలివైనవాడివి, ఇప్పుడు చెప్పు."

"పెద్ద డాక్టరుతో మాట్లాడాను. బావని పక్కన కూర్చోబెట్టుకునే. ఇవాళ నువ్వు తీయించుకున్నా తొమ్మిదో రోజుకి నీ దగ్గర తీసుకోరట. ఒప్పుకోరట. నీ ఒళ్ళు కుదుటపడాలట. నువ్వు దాచిపెట్టినా రక్తంలో తెలిసిపోతుందట. అప్పటికి నాకు మందెక్కి ఉంటుంది, నా మూలుగంతా కాలిపోయి ఉంటుంది, ఇచ్చేవాళ్ళుండరు. అప్పుడు నేను నిజంగానే పోయేవాణ్ణి. నువ్వు నెలరోజులు వేసిన లెక్కలో ఆ అంకె లేదు. ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవాళ్ళు."

"...అమ్మో."

"కూర్చో. పక్కన కుర్చీ ఉందా?"

"అమ్మో అన్నయ్యా. నేను నిన్ను చంపేసేదాన్నా?"

"కూర్చోమంటున్నానా? నేల మీదైనా సరే. ఊపిరి పీల్చుకో. ఏమీ కాలేదు. నాలుగు దాటింది, నువ్వింట్లోనే ఉన్నావు."

"నేనెవరికీ చెప్పకూడదనుకున్నాను. చెప్తే నువ్వొప్పుకోవని. తర్వాత నీకు బాగయ్యాక చెప్దామనుకున్నా. ఎప్పటికీ చెప్పకపోదామనీ అనుకున్నా."

"తెలుసు."

"ఇప్పుడెలా? నేను కాకపోతే ఎవరు?"

"పెదనాన్న కొడుకుది సగం కలిసిందన్నారుగా అప్పట్లో."

"సగం!"

"సగంతో కూడా చేస్తున్నారట. గుండుసూది మొన లెక్క కాదు గానీ, చేస్తున్నారట. వాడికి ఫోన్ చేశా. వాడు ఏమన్నాడో తెలుసా? 'నాకు సూదులంటే భయం, పడుకోబెట్టాక చెప్పండి' అన్నాడు. వస్తున్నాడు. ఈలోగా మాత్రలతో మూడు నెలలు నెట్టుకురావొచ్చన్నాడు డాక్టరు."

"రావొచ్చా, వస్తామా?"

"రావొచ్చన్నాడు."

"అది మంచి మాట కాదు."

"మంచి మాట కాదు. ఉన్న మాట."

"నేను డాక్టర్ని కలుస్తాను. రేపు పొద్దున్నే వస్తాను. వేరే దారేదైనా ఉందేమో అడుగుతాను. కాళ్ళు పట్టుకుంటాను. రేపు మందు మాత్రం మొదలుపెట్టనివ్వకు. విన్నావా? నేనొచ్చేదాకా ఆపమను. నువ్వు ఆ మంచం దిగకు. నిన్నొదిలి నర్సులు కూడా కదలకూడదు. ...ఏంటా ఆయాసం? అన్నయ్యా? ఎందుకలా రొప్పుతున్నావు? కుర్చీలో ఉన్నానన్నావుగా? ఒరే అన్నయ్యా, మాట్లాడు! నర్సుని పిలువు!"

"నర్సు లేదు పిట్టా. మధ్యాహ్నం నేను సంతకం పెట్టింది తిండి కాగితం మీద కాదు, ఇంటికి పంపేయమన్న కాగితం మీద. గడియ తియ్యి, మీ నాలుగంతస్తులూ ఎక్కి నీ గుమ్మం ముందున్నా, వెనక నన్ను పట్టుకుని బావ కూడా ఏడుస్తున్నాడు."